మొక్క బరువంతా గాలి, నీళ్ల నుంచే వస్తే ఎరువు దండగేనా? టబ్బుల్లో తేల్చే ప్రయోగం ఎలా ఉండాలి?

సైన్సు_పంతులు

జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఈసారి సైన్స్ ఫెయిర్‌కి మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుకున్న ప్రశ్న: మొక్క తన ఒంటిని దేనితో కట్టుకుంటుంది? మట్టితోనా, నీళ్లతోనా, గాలితోనా?

ప్రశ్న పాతదే. బ్రసెల్స్ వైద్యుడు వాన్ హెల్మాంట్ 200 పౌన్ల మట్టిని పొయ్యిలో ఎండబెట్టి, కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 169 పౌన్లు తూగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని తేల్చేశాడు. ఆయన పోయాక 1648లో అచ్చయింది ఈ సంగతి. గాలి మాట ఆయనకు తట్టలేదు.

క్లాసులో తగువు ఇక్కడ మొదలైంది. ఇద్దరు పిల్లల ఇళ్లలో ప్రకృతి వ్యవసాయం చేస్తారు. ఆ పద్ధతిని ప్రచారం చేసే సుభాష్ పాలేకర్ గారి ప్రసంగాల్లో పదే పదే వినిపించే లెక్క వాళ్లకు నోటికొచ్చు: మొక్కకు 98.5 శాతం గాలి, నీరు, ఎండ నుంచే వస్తుంది, మట్టి నుంచి ఒకటిన్నర శాతమే, దాన్ని కూడా సూక్ష్మజీవులు అందిస్తాయి, కాబట్టి బయటి నుంచి ఎరువు కొనక్కర్లేదు. మిగతా పిల్లలు ఊరుకుంటారా? "అయితే మా నాన్న యూరియా కోసం తెల్లారకుండానే లైన్లో ఎందుకు నిలబడ్డట్టు?" అని ఒకడు.

నా ఆలోచన ఇది. ఆరు టబ్బులు, తూచిన ఎండు మట్టి, తోటకూర. మూడింటికి జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపిన ద్రవం), మూడింటికి ఉత్త నీళ్లు. పంట కోసి తూచి, మట్టి మళ్లీ ఎండబెట్టి తూచడం. దీంతో తగువు తేలుతుందా? లోపాలుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

మట్టిపరీక్ష

తేలదు సార్. భూసార పరీక్ష ల్యాబులో పని చేస్తాను కాబట్టి తూకం దగ్గర మొదలుపెడతా.

హెల్మాంట్ మట్టి సుమారు 90 కేజీలు. తగ్గింది 57 గ్రాములు. అంటే 1600లో ఒక వంతు. మట్టిని ఎంత ఎండబెట్టినా బయట పెట్టగానే గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది. నల్లరేగడైతే మరీను. మా దగ్గర ఎండు శాంపిల్ని మూత తీసి ఒక ముసురు రోజంతా వదిలేస్తే మర్నాటికి తూకం నూటికి ఒకటి రెండు పాళ్లు పెరిగి ఉంటుంది. 90 కేజీల మీద ఒక శాతమంటే 900 గ్రాములు. అందులో 57 గ్రాములు వెతకడం కుదిరే పని కాదు.

ఇంకొకటి. ఆయన చెట్టు పెరిగింది 164 పౌన్లు, మన లెక్కలో 74 కేజీలు. సగం నీళ్లనుకోండి. మిగిలిన 37 కేజీల ఎండు కలప కాల్చితే నూటికొక పాలు బూడిద వేసుకున్నా 370 గ్రాములు రావాలి. మట్టి తగ్గింది 57 గ్రాములే అంటున్నాడు. ఆ బూడిద మిగతాది ఎక్కడిది? పోసిన నీళ్లలో కొంత ఉండొచ్చు, లేదా తూకం తప్పు. పైగా నాలుగు శరదృతువుల్లో రాలిన ఆకుల్ని తూచలేదని ఆయనే రాసుకున్నాడు.

అందుకని మట్టిని తూచే పద్ధతి వదిలేయండి. మొక్కను తూచండి, అదీ ఎండబెట్టాక. తోటకూర పచ్చి బరువులో ఎనభై, తొంభై పాళ్లు నీళ్లే. పొద్దున కోసినదానికీ మధ్యాహ్నం కోసినదానికీ తేడా వస్తుంది.

అనంత_రైతు

అనంతపురం జిల్లా. వేరుశనగ, కంది, కొర్ర వేస్తాను. రసాయన ఎరువు మానేసి చాలా ఏళ్లయింది.

మాస్టారూ, మీ పిల్లలు చెప్పింది తప్పేమీ కాదు. మొక్కలో కర్బనం ఎక్కడిది? గాలిది. హైడ్రోజన్? నీటిది. ఆక్సిజన్? ఆ రెండింటిదీ. ఇవి మూడూ కలిపితే ఎండు బరువులో నూటికి 95 పైనే. ఇది పాలేకర్ గారు కనిపెట్టింది కాదు, మీ పాఠ్యపుస్తకం చెప్పేదే. సైన్సు వాళ్లు నోటితో ఒప్పుకుని చేత్తో యూరియా చల్లిస్తారు, అదే మాకు అర్థం కాదు.

మట్టిపరీక్ష

శాతం మీద నాకు పేచీ లేదు, కొంచెం సవరణ తప్ప. ఎండు మొక్కలో కర్బనం 45, ఆక్సిజన్ 45, హైడ్రోజన్ 6. మొత్తం 96. నత్రజని ఒకటిన్నర, పొటాషియం ఒకటి, కాల్షియం అర, మెగ్నీషియం, భాస్వరం ఒక్కొక్కటి 0.2, గంధకం 0.1. పుస్తకాల్లో సగటుగా ఇచ్చే అంకెలు ఇవి. పంటను బట్టి మారతాయి.

వరికి అసలు పొసగవు. రైస్ మిల్లు బాయిలర్ దగ్గర ఎప్పుడైనా చూశారా? ఊక కాల్చితే ఐదో వంతు బూడిద మిగులుతుంది, దాదాపు అంతా సిలికా. గడ్డి కాల్చినా నూటికి పదిహేను దాకా వస్తుంది. ఆ సిలికా గాలిలోంచి ఊడిపడలేదు. 98.5 అనే లెక్క వరి గడ్డి దగ్గరే ఆగిపోతుంది.

పోనీ, ఒకటిన్నర శాతమే నిజమనుకుందాం. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు, దాదాపు అంతే గడ్డి. మొత్తం 5 టన్నులు. అందులో ఒకటిన్నర శాతం 75 కేజీలు. ఒక్క పంటకు, ఒక్క ఎకరంలో, 75 కేజీల సరుకు మట్టిలోంచి బయటికెళ్లింది. రెండు పంటలైతే 150. శాతంలో చూస్తే చిన్నది, బండి మీద వేస్తే కాదు.

లెక్కల_టీచర్

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. విడదీయకపోతే ఎన్ని టబ్బులు పెట్టినా ఉపయోగం లేదు.

మొదటిది, మొక్క బరువులో దేని వాటా ఎంత. రెండోది, ఒక పదార్థం లేకపోతే మొక్క పెరుగుదల ఎంత తగ్గుతుంది. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానికి తెలిసినట్టు కాదు. మన ఒంట్లో ఇనుము మొత్తం కలిపినా నాలుగు గ్రాములుంటుంది. వాటా చూసి అదెంతలే అనుకుంటే ఆస్పత్రుల్లో రక్తహీనత వార్డులు ఎందుకు?

మాస్టారు రాసిన ఆరు టబ్బుల ప్లాను మొదటి ప్రశ్న కోసం తయారైంది. పిల్లల తగువు రెండో ప్రశ్న మీద. రెండోదానికి తూకం ఒక్కటే చాలదు, ఒక్కొక్కటే తీసేసి చూడాలి.

పాత_ప్రయోగాలు

లెక్కల టీచర్ గారు చెప్పిన "తీసేసి చూడటం" ఎలా పుట్టిందో రెండు ముక్కలు. నాకు ఇదొక పిచ్చి, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

హెల్మాంట్ తర్వాత యాభై ఏళ్లకు, 1699లో, లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్ ఒక చక్కని పని చేశాడు. పుదీనా కొమ్మల్ని మట్టి లేకుండా సీసాల్లో పెంచాడు. ఒకదాంట్లో వాన నీళ్లు, ఒకదాంట్లో థేమ్స్ నీళ్లు, ఒకదాంట్లో హైడ్ పార్క్ కాలువ నీళ్లలో తోట మట్టి కలిపి. నీళ్లే మొక్కవుతాయన్న మాట నిజమైతే అన్నీ ఒకేలా పెరగాలి. మట్టి కలిపిన నీళ్లలోవి బాగా పెరిగాయి, వాన నీళ్లవి వెనకబడ్డాయి. హెల్మాంట్‌కి ఒకటే కుండీ, పక్కన పోల్చడానికి ఏమీ లేదు. వుడ్‌వర్డ్‌కి వరస ఉంది. నా దృష్టిలో అసలు ప్రయోగం అదే.

1860 ప్రాంతంలో జర్మనీలో సాక్స్, నాప్ అనే ఇద్దరు లవణాలు కరిగించిన నీళ్లలో మొక్కల్ని నిలబెట్టి, ఒక్కో లవణం తీసేసి చూశారు. ఇవాళ హైదరాబాద్ మేడల మీద హైడ్రోపోనిక్స్ పేరుతో లెట్యూస్ పెంచేవాళ్లందరూ వాళ్ల వారసులే.

హెల్మాంట్ సంగతిలో నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది ఒకటుంది. "గ్యాస్" అనే మాట పుట్టించింది ఆయనే. 62 పౌన్ల బొగ్గు కాల్చితే ఒక పౌను బూడిద మిగిలింది, మిగతా 61 పౌన్లు ఒక వాయువుగా పోయాయని రాశాడు. మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాదాపు అదే. కలప కాల్చితే గాలిలోకి పోయేదేమిటో చూసినవాడే, ఆ కలప గాలిలోంచి వచ్చి ఉండొచ్చని అనుకోలేదు.

ఎరువుల_కొట్టు

నేను వ్యాపారస్తుణ్ణి, నా మాట ఎవరూ నమ్మరని తెలుసు. అయినా చెప్తా. జీవామృతం ఎకరాకు 200 లీటర్లు: పది కేజీల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కేజీల బెల్లం, రెండు కేజీల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇందులో నత్రజని ఎంత ఉంటుందో ఎవరైనా లెక్క కట్టారా?

మట్టిపరీక్ష

కట్టొచ్చు. పప్పుల పిండిలో మాంసకృత్తులు 22 శాతం, రెండు కేజీలకు 440 గ్రాములు. దాన్ని 6.25తో భాగిస్తే నత్రజని 70 గ్రాములు. పచ్చి పేడలో ఎక్కువ వేసుకున్నా అర శాతం, 50 గ్రాములు. మూత్రంలో ఒక శాతం వేసుకుంటే 100. మొత్తం 220 గ్రాములు. పదిహేను రోజులకోసారి చొప్పున నాలుగు నెలల పంటకు ఎనిమిదిసార్లు పారించినా రెండు కేజీలు దాటదు. టన్ను వడ్లు పండడానికి వరి తీసుకునే నత్రజని 15 నుంచి 20 కేజీలు. 25 క్వింటాళ్లకు 40, 50 కేజీలు.

ఎరువుల_కొట్టు

అద్గదీ.

అనంత_రైతు

కొట్టాయన మరీ సంబరపడొద్దు. జీవామృతం ఎరువని మేమెప్పుడన్నాం? అది తోడు. పాలలో చెంచా పెరుగు వేసి, చెంచా పెరుగు గిన్నె పెరుగెలా అయిందని తూకం వేస్తారా? నేలలో ఉన్నదాన్ని మొక్కకు అందేలా చేసే సూక్ష్మజీవుల్ని పెంచడమే దాని పని. దాంతో పాటు ఆచ్ఛాదన, అంటే నేలను గడ్డితో కప్పడం ఉంటుంది, ఘన జీవామృతం ఉంటుంది, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం ఉంటుంది, అంతర పంటగా కంది, అలసంద ఉంటాయి. ఇవన్నీ వదిలేసి ఒక్క డ్రమ్ముని ల్యాబులోకి తీసుకెళ్లి ఇందులో ఏమీ లేదంటే అది ప్రయోగం కాదు.

ఇంకో మాట. మీ టబ్బుల మట్టిని పొయ్యి మీద ఎండబెడతామన్నారు. బతికున్న మట్టిని చంపి, చచ్చిన మట్టిలో మా పద్ధతి పని చేయలేదంటారా?

పాత_ప్రయోగాలు

అనంత రైతు గారి చివరి మాట తేలిగ్గా తీసుకోవద్దు. సరిగ్గా ఆ తప్పే మహామహులు చేశారు.

ఇంగ్లండ్‌లో రోతమ్‌స్టెడ్ అనే చోట లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1843 నుంచి పొలం ప్రయోగాలు నడిపారు. గాలిలో 78 శాతం నత్రజని ఉంది కదా, మొక్క దాన్ని నేరుగా తీసుకుంటుందా అన్నది అప్పట్లో పెద్ద వివాదం. ప్యూ అనే అమెరికన్‌తో కలిసి 1857లో మొదలుపెట్టి ఎంతో జాగ్రత్తగా చేశారు. మట్టిని బాగా కాల్చి అందులో నత్రజని ఏమీ లేకుండా చేశారు. గాజు గంటల కింద మొక్కల్ని పెట్టి, లోపలికెళ్లే గాలిలో అమ్మోనియా లేకుండా కడిగి పంపారు. గోధుమా, చిక్కుడు జాతీ రెండూ గాలిలోని నత్రజనిని తీసుకోలేదు. 1861లో అచ్చేశారు, చాలామంది వివాదం ముగిసిందనుకున్నారు.

ముగియలేదు. పొలంలో పప్పుజాతి పంట వేసిన తర్వాత గోధుమ బాగా రావడం రైతులందరికీ తెలిసిందే. పాతికేళ్ల తర్వాత 1886లో హెల్‌రీగల్, విల్‌ఫార్త్ అసలు గుట్టు విప్పారు. నత్రజని లేని ఇసుకలో బఠాణీలు పెంచి, కొన్నింటికి మంచి మట్టిని నానబెట్టి వడకట్టిన నీళ్లు కొద్దిగా పోశారు. అవి వేళ్లకు బుడిపెలు కట్టి పచ్చగా పెరిగాయి. అదే నీళ్లను వేడి చేసి పోస్తే ఫలితం లేదు. అంటే పని చేసింది నీళ్లలోని లవణం కాదు, ప్రాణి. లాస్ బృందం మట్టిని కాల్చినప్పుడు వెతుకుతున్నదాన్నే కాల్చేసింది.

కాబట్టి మాస్టారూ, మీకు కావాల్సిన ప్రయోగం 1886లోనే ఉంది. బఠాణీ బదులు మీ పంట, మట్టి నీళ్ల బదులు జీవామృతం. ఒక వరసకు మామూలు జీవామృతం, ఒక వరసకు మరిగించి చల్లార్చిన జీవామృతం, ఒక వరసకు ఉత్త నీళ్లు. మొదటి రెండింటిలో పోషకాలు సమానం, ప్రాణుల్లోనే తేడా. అనంత రైతు గారు చెప్పిన తోడు నిజమైతే మొదటి వరస రెండోదాన్ని మించాలి. రెండూ ఒకేలా ఉండి ఉత్త నీళ్లను మించితే అది ఎరువుగానే పని చేసినట్టు. మూడూ ఒకటే అయితే ఏం చెప్పాలో మీకే తెలుసు.

అనంత_రైతు

ఇది బాగుంది. దీనికి నేను సిద్ధం. అయితే మరిగిస్తే అమ్మోనియా ఆవిరైపోతుంది, వాసనకే తెలుస్తుంది. అప్పుడు రెండింట్లో పోషకాలు సమానం ఎలా అవుతాయి? ఓడిపోయినా గెలిచినా నాకు లెక్క సరిగ్గా ఉండాలి.

మట్టిపరీక్ష

ప్రెషర్ కుక్కర్లో గట్టి మూత సీసాలు ముప్పావు వంతు నింపి పెట్టండి, మూత సగం తిప్పు వదులుగా. విజిల్ పెట్టి అరగంట. స్టవ్ ఆపాక కుక్కర్ పూర్తిగా చల్లారేదాకా తెరవొద్దు. ఆవిరైనదాంట్లో చాలావరకు తిరిగి ద్రవంలోకే చేరుతుంది. కొంత పోతుంది, అందుకే రెండు సీసాల నుంచీ శాంపిల్ తీసి అమ్మోనియా కొలిపించండి, తక్కువైనంత అమ్మోనియం సల్ఫేట్ కలపండి. పిల్లల చేత కుక్కర్ పని చేయించొద్దు.

మోతాదు దగ్గర అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. ఎకరం 4047 చదరపు మీటర్లు. 200 లీటర్లు పరిస్తే చదరపు మీటరుకు 49 మిల్లీలీటర్లు. అడుగు వెడల్పున్న గుండ్రటి టబ్బు పైభాగం 0.07 చదరపు మీటర్లు. అంటే ఒక టబ్బుకు మోతాదు మూడున్నర మిల్లీలీటర్లు. చెంచాలో సగం పైన. బళ్లల్లో ప్రదర్శనకు పెట్టే కుండీలకు గ్లాసుడు పోస్తారు, అది పొలం మోతాదుకు యాభై రెట్లు. మొక్క ఏపుగా రాకేం చేస్తుంది? సిరంజితో కొలిచి, నీళ్లలో కలిపి పోయండి. ఉత్త నీళ్ల వరసకూ అన్నే నీళ్లు.

ఎరువుల_కొట్టు

ఆ లెక్కన మొదట వచ్చిన నానో యూరియా కూడా అంతే కదండీ. అర లీటరు సీసాలో నాలుగు శాతం, అంటే 20 గ్రాముల నత్రజని. 45 కేజీల కట్టలో 20 కేజీలు. సీసా ఒకటి కట్టతో సమానమని మా చేత అమ్మించారు. రైతు వచ్చి ఎలా సమానం అని అడిగితే నేనేం చెప్పను?

లెక్కల_టీచర్

దానికి వేరే చర్చ పెట్టండి. ఒక్కటి మాత్రం నిజం, జీవామృతానికి పట్టిన త్రాసే దానికీ పట్టాలి. తక్కువ నత్రజనితో ఎక్కువ పని జరుగుతుందనే మాట ఎవరు అన్నా, ఆ మిగతా నత్రజని ఎక్కడి నుంచి వస్తుందో చూపించాలి.

ఇక టబ్బుల సంఖ్య. మాస్టారు మూడేసి అన్నారు. ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే నీళ్లు అయినా టబ్బుకీ టబ్బుకీ పది, పదిహేను శాతం తేడా మామూలుగానే వస్తుంది. మూడింటితో ఇరవై శాతం తేడా కనిపించినా అది జీవామృతం వల్లో అదృష్టం వల్లో చెప్పలేం. వరసకు ఎనిమిది పెట్టండి. చీటీలు తీసి స్థానాలు నిర్ణయించండి, వారానికోసారి మళ్లీ చీటీలు తీసి జరపండి. గోడ నీడ పడే మూల ఎప్పుడూ ఒకే వరసకు దక్కకూడదు. టబ్బు మీద "జీవామృతం" అని రాయొద్దు, అంకె రాయండి. తూచే పిల్లకు ఏ అంకె ఏదో తెలియకూడదు. ప్రకృతి వ్యవసాయం ఇంటి నుంచి వచ్చిన పిల్ల అయినా, యూరియా లైన్లో నిలబడ్డ నాన్న కొడుకైనా, మనకు కావాల్సిన ఫలితం వైపు త్రాసు ముల్లు కాస్త వంగినట్టే కనబడుతుంది.

సైన్సు_పంతులు

ఎనిమిది చొప్పున అంటే మూడు వరసలకు 24. పెయింట్ డబ్బాలు దొరుకుతాయి, పరవాలేదు. కానీ ఇది జీవామృతం మీద ప్రయోగం అయింది. "మొక్కకు మట్టి నుంచి ఏం కావాలి" అన్న ప్రశ్న పోయింది కదా?

మట్టిపరీక్ష

దానికి పక్కన చిన్న వరస వేయండి, ఇసుకలో. ఏటి ఇసుకను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి (ఇది మీరే చేయాలి), నీళ్లతో నాలుగైదుసార్లు శుభ్రంగా కడగాలి. పంట మొక్కజొన్న, పెసర. పోషకాలన్నీ ఉన్న ద్రావణం ఒకదానికి, నత్రజని లేనిది ఒకదానికి, భాస్వరం లేనిది ఒకదానికి.

ఇక్కడ జాగ్రత్త. అన్నీ ఉన్న ద్రావణంలో కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ వేస్తాం. నత్రజని వద్దని ఆ రెండూ తీసేస్తే కాల్షియం, పొటాషియం కూడా పోతాయి. మొక్క ఏది లేక వాడిపోయిందో తెలియదు. అందుకని వాటి చోట కాల్షియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ వేయాలి. రెండోది మీ కొట్టాయన దగ్గర మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పేరుతో ఉంటుంది. "ఒక్కటే తీసేయడం" చెప్పినంత సులువు కాదు.

గింజలో ఉన్నది మర్చిపోవద్దు. మొక్కజొన్న గింజ పెద్దది, మొదటి రెండు వారాలు దానిలోని తిండితోనే లాగించేస్తుంది. ఆ లోపు చూసి ద్రావణాల మధ్య తేడా లేదనుకుంటే పొరపాటు. నాలుగైదు వారాలు ఆగండి. నత్రజని లేని మొక్కజొన్నలో ముందు కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంబడి ఇంగ్లిష్ V ఆకారంలో పసుపెక్కుతాయి. భాస్వరం లేనిదాంట్లో ఆకు అంచు ఊదా రంగుకు తిరుగుతుంది. పెసరలో సగం డబ్బాలకు రైజోబియం (వేళ్లకు బుడిపెలు కట్టించే సూక్ష్మజీవి) పట్టించండి. నత్రజని లేని ద్రావణంలో పట్టించిన పెసర నిలబడి, పట్టించనిది, మొక్కజొన్న పాలిపోతే "గాలి నుంచి నత్రజని" అనే మాట ఎవరి విషయంలో నిజమో పిల్లలు కళ్లతో చూస్తారు. వేరు పీకి బుడిపెను గోటితో చిదిమి చూపించండి, లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తున్నట్టు.

జగిత్యాల_పిల్లోడు

అన్నా, గాలి నుంచి నత్రజని పెసరకే కాదు, వరి మడికి కూడా వస్తది. 1939లోనే పి.కె. డే అనే మన దేశపు శాస్త్రవేత్త వరి మడిలో నాచు గాలిలోని నత్రజనిని పడ్తదని చూపెట్టిండు. అజొల్లా వేసేది కూడా అందుకే. హెక్టారుకు 20, 30 కిలోల దాకా వస్తదంటరు. మా జగిత్యాలలో వరి మీద దీర్ఘకాల ఎరువుల ప్రయోగం నడుస్తున్నది, ఏమీ వేయని మడి కూడా ఉంటది అందుల. అది ఒక్కసారికి ఎండిపోదు, తక్కువ పండుతది అంతే. అందుకే మీరు ఒక్క పంట చూసి ఎవరు గెలిచిండ్రని చెప్తే తప్పు.

పాత_ప్రయోగాలు

ఈ మాటకు రోతమ్‌స్టెడ్‌లో సాక్ష్యం ఉంది. బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి ఏటా గోధుమ వేస్తున్నారు. ఏ ఎరువూ వేయని మడి నూట ఎనభై ఏళ్లయినా సున్నాకు పడలేదు, హెక్టారుకు టన్ను దగ్గర ఊగుతూ ఉంటుంది. ఇది అనంత రైతు గారికి పనికొచ్చే సాక్ష్యం. పక్కన ఎరువు వేసిన మడులు దానికి ఎన్నో రెట్లు పండుతాయి. అది కొట్టాయనకు పనికొస్తుంది. అదే పొలంలో 1843 నుంచీ పశువుల ఎరువు మాత్రమే వేస్తున్న మడి కూడా రసాయన ఎరువు మడులతో దీటుగా పండింది. దాన్ని ఇద్దరూ మర్చిపోతారు.

అనంత_రైతు

నేను మర్చిపోలేదు. మా ఇంట్లో ఎడ్లు ఉన్నన్నాళ్లూ మేం వేసింది అదే. ఇప్పుడు ఊళ్లో పశువులేవి? ఎకరాకు నాలుగైదు బండ్ల గెత్తం ఎక్కడి నుంచి తేవాలి? ప్రకృతి వ్యవసాయం రైతుని పట్టిందే అందుకు, ఒక ఆవుతో సరిపెట్టుకోవచ్చన్నారు కాబట్టి. అప్పు లేకుండా పంట తీయడం నాకు ముఖ్యం. ఎకరాకు రెండు బస్తాలు తగ్గినా చేతిలో మిగిలేది ఎక్కువైతే నాకది లాభమే. 2019లో వ్యవసాయ శాస్త్రాల జాతీయ అకాడమీ వాళ్లు ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదన్నారు, పేపర్లో చదివాను. ఖర్చు లెక్క వాళ్ల త్రాసులో పడదు.

మట్టిపరీక్ష

ఖర్చు లెక్కతో నాకు గొడవ లేదు. నేలలో నిల్వ లెక్క అడుగుతున్నాను. మన ఎర్ర నేలల్లో మొత్తం నత్రజని 0.05 శాతం దగ్గర ఉంటుంది. ఎకరం పైమట్టి, అరడుగు లోతున, 900 టన్నులు. అంటే 450 కేజీల నత్రజని. పంటకు 40 కేజీలు తీస్తూ, పప్పుజాతి వల్లా నాచు వల్లా వచ్చేది కొంత కలుపుకుంటూ పోతే కొన్నేళ్లు నడుస్తుంది. మీ సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటే ఇంకా త్వరగా విడుదలవుతుంది, మొదటి రెండేళ్లు పంట బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత? నత్రజనికి గాలి ఉంది, పప్పుజాతి ఉంది. భాస్వరానికి, పొటాష్‌కి గాలి లేదు. వడ్ల బస్తాతో ఊరు దాటిన భాస్వరం తిరిగి రాదు.

అందుకే జీవామృతం టబ్బుల్లో ఒక్క పంటతో ఆపొద్దు మాస్టారూ. అదే మట్టిలో వరసగా మూడు పంటలు. రాగి వేయండి, తొందరగా వస్తుంది, గింజ సన్నది కాబట్టి గింజలోని నిల్వ గొడవ తక్కువ. మొక్కను వేళ్లతో సహా తీసి, 70 డిగ్రీల ఓవెన్లో బరువు మారకుండా నిలిచేదాకా ఎండబెట్టి తూచండి. వంటింటి త్రాసు పనికిరాదు, కంసాలి దగ్గరుండే రకం కావాలి. నత్రజనికి బూడిద చూడొద్దు, కాల్చితే అది పొగలో పోతుంది. శాంపిళ్లు నాకు పంపండి, నత్రజని కొలిచే జెల్డాల్ పద్ధతిలో తీయించే బాధ్యత నాది.

లెక్కల_టీచర్

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కూలు బోరు నీళ్లేనా పోసేది?

సైన్సు_పంతులు

అవును, బోరే.

మట్టిపరీక్ష

అయితే ఆగండి. తాగునీటికి నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మన జిల్లాల్లో చాలా బోర్లు అది దాటాయి. 45 మిల్లీగ్రాముల నైట్రేట్‌లో నత్రజని పది. ఎకరాకు మీటరు లోతు నీళ్లు పారితే 40 లక్షల లీటర్లు, అంటే 40 కేజీల నత్రజని! ఎరువు వేయలేదని చెప్పుకునే పొలానికి బోరే యూరియా వేస్తున్నట్టు. టబ్బుల్లోనూ అంతే, ఉత్త నీళ్ల వరస ఉత్తది కాకుండా పోతుంది. వాన నీళ్లు పట్టి వాడండి, లేదా డిస్టిల్డ్ వాటర్. ఆర్వో నీళ్లైతే ముందు కొలిపించండి.

అనంత_రైతు

ఇది నాకు కొత్త. మా బోరు నీళ్లు కూడా పంపిస్తాను, చూసి చెప్పండి సార్. మా పొలం బాగా పండేది దానివల్లేనంటే మాత్రం ఇంట్లో చెప్పను.

మాస్టారూ, జీవామృతం నేను తయారుచేసి ఇస్తాను, మీ పిల్లలు వచ్చి దగ్గరుండి చూడొచ్చు. ఒక్క షరతు. టబ్బుల మీద గడ్డి ఆచ్ఛాదన వేయాలి, అన్ని వరసలకూ సమానంగా వేయండి, నాకు అభ్యంతరం లేదు. మూడో పంట తూచేదాకా ఫలితం ఇక్కడ పెట్టొద్దు. మొదటి పంటకే పెడితే కొట్టాయన బోర్డు రాయించి కొట్టు ముందు కడతాడు.

మట్టిపరీక్ష

ఒప్పుకోను. మొదటి పంటది మొదటి పంటకే పెట్టాలి. మూడోది మీకు అనుకూలంగా వస్తేనే చూపించి, రాకపోతే ఎలుకలు తిన్నాయంటే ఎవరికి తెలుస్తుంది? ఆచ్ఛాదన గడ్డిలో పొటాష్ దండిగా ఉంటుంది, అది కూడా తూచి వేయాలి.

సైన్సు_పంతులు

ప్రతి పంటదీ కోసిన వారంలో పెడతాను, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. అంకెలు ఏ వరసవో రాసిన కాగితం కవర్లో పెట్టి హెడ్‌మాస్టర్ బీరువాలో ఉంచుతాం. ఏ వరస ఎంత మించుతుందనుకుంటున్నారో మీరిద్దరూ ఆదివారం లోపు ఇక్కడ రాయండి, తర్వాత మార్చడానికి వీల్లేదు. వాన నీళ్ల కోసం మేడ మీద డ్రమ్ములు రేపే పెట్టిస్తున్నా. పొటాషియం క్లోరైడ్ అర కేజీ విడిగా ఎవరిస్తారు, కొట్టాయన గారూ? మీ దగ్గర 50 కేజీల బస్తా తప్ప అమ్మరట కదా.

ఎరువుల_కొట్టు

చిరిగిన బస్తా ఒకటుంది, పంపిస్తా. బిల్లు అడక్కండి.